మా వీధిలో పన్నెండు ఫ్లాట్ల కట్టడం: అభ్యంతర పత్రం మీద సంతకం చేయాలా, వద్దా?

ప్రశ్న: లక్ష్మీపురం సర్కిల్ ప్రాంత నివాసి, విశ్రాంత ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో లక్ష్మీపురం సర్కిల్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పాత కాలనీలో 1988 నుంచి ఉంటున్నాను. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్లయింది. మేము ఇల్లు కట్టుకున్న రోజుల్లో మిద్దె ఎక్కితే ఒకవైపు తిరుమల కొండలు, మరోవైపు వరి మళ్లు కనిపించేవి. ఇప్పుడు మా వీధిలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. అన్నీ ఒకటి లేదా రెండు అంతస్తులవే.

మా ఎదురింటి యజమాని రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆయన పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు కాబట్టి ఆ 120 అంకణాల స్థలాన్ని ఒక బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చారు. మన తిరుపతి లెక్కలో అంకణానికి 36 చదరపు అడుగులు గనుక అది 480 గజాలు. కింద స్టిల్టు (గోడలు లేకుండా స్తంభాల మధ్య) పార్కింగు, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడేసి చొప్పున పన్నెండు ఫ్లాట్లు వస్తాయని చెబుతున్నారు. వీధిలోని పెద్దలు అభ్యంతర పత్రం ఒకటి రాసి సంతకాలు సేకరిస్తున్నారు. మంచినీళ్లు చాలవని, డ్రైనేజీ పొంగుతుందని, ముప్పై అడుగుల రోడ్డు మీద కార్లు నిలుస్తాయని, ఊరూ పేరూ తెలియని కొత్తవాళ్లు వచ్చి చేరతారని అందులో రాశారు. ఆ కాగితం మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది.

నాకు సంతకం చేయబుద్ధి కావడం లేదు, చేయకుండా ఉండడానికీ ధైర్యం చాలడం లేదు. మా చిన్నమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఊళ్లోనే ఉద్యోగాలు చేస్తూ చంద్రగిరి వైపు అద్దెకుంటున్నారు. బడికీ ఆసుపత్రికీ దగ్గరలో, తాము కొనగలిగిన ధరలో ఒక ఫ్లాటు కోసం రెండేళ్లుగా తిరుగుతున్నారు. అలాంటి ఫ్లాట్లు మా వీధిలోనే వస్తుంటే వద్దని నేనెలా సంతకం చేయాలి? కానీ 2021 నవంబరు 18న కురిసిన వానను నేను మరచిపోలేదు. ఆ రాత్రి మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. బియ్యం బస్తాను మంచం మీదికి ఎత్తి, పుస్తకాలను అటకెక్కించి, నేనూ మా ఇంటావిడా తెల్లవార్లూ మెట్ల మీద కూర్చున్నాం. రెండుసార్లు సున్నం వేయించినా ఆ నీటి గీత హాలు గోడ మీద నేటికీ కనిపిస్తూనే ఉంది. మరో పన్నెండు కుటుంబాలు వస్తే ఆ గీత ఇంకా పైకి పోతుందా? ఈ విషయం తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

మొదటి జవాబు: పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసిన సభ్యుడు

మాస్టారూ, మీ వీధివాళ్లు రాసిన కారణాలను ఒకే మూటగా కట్టకండి. వాటిలో కొన్ని మనుషుల సంఖ్యను బట్టి పెరిగేవి, కొన్ని నేలను ఎంత మేర కప్పామన్న దాన్ని బట్టి పెరిగేవి. ఈ రెండూ కలిసిపోవడం వల్లనే మన ఊళ్లో ఈ చర్చ ఎప్పుడు జరిగినా గొడవగా ముగుస్తోంది.

ముందు మనుషుల లెక్క చూద్దాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది మన దేశంలో ఇంజినీర్లు పాటించే ప్రమాణం. మీ ఎదురింట్లో అయిదుగురు ఉన్నప్పుడు రోజుకు 675 లీటర్లు సరిపోయేవి. పన్నెండు ఫ్లాట్లలో నలుగురేసి చొప్పున 48 మంది చేరితే 6,480 లీటర్లు కావాలి. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని లెక్క వేస్తారు, అంటే రోజుకు సుమారు 5,200 లీటర్లు. మీ వీధిలో వేసిన మురుగు పైపు ఆనాటి ఇరవై రెండు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని వేసినదైతే, ఆ పైపు వ్యాసం ఎంత, అది ఏ మెయిన్‌లో కలుస్తోంది అన్న ప్రశ్న న్యాయమైన ప్రశ్నే. నీళ్లు కూడా అంతే. 1977లో కట్టిన కల్యాణి డ్యామూ, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లూ ఊరిని ఆదుకుంటున్నా, ఎండాకాలంలో చివరి వీధుల కుళాయిల్లో ధార ఎంత సన్నబడుతుందో మీకే బాగా తెలుసు.

ఇక మీరు భయపడుతున్న వాననీటి సంగతి. 480 గజాలంటే సుమారు 400 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు చేరతాయి. ఆ స్థలాన్ని పూర్తిగా సిమెంటుతో కప్పేస్తే, ఇంకుడు గుంత లేకపోతే, ఆ నీళ్లలో దాదాపు అన్నీ మీ వీధిలోకే వస్తాయి. అయితే ఆ స్థలంలో ఒక అంతస్తు ఉన్నా, నాలుగు అంతస్తులున్నా పైన పడే వాన మారదు. వరద గీత పైకి పోతుందా లేదా అన్నది అంతస్తుల సంఖ్యను బట్టి తేలదు. గోడ చుట్టూ ఎంత మట్టి మిగిలింది, పక్కనున్న కాలువ ఎంత వెడల్పుగా మిగిలింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. పెరడంతా టైల్సు పరిపించుకున్న ఒంటి అంతస్తు ఇల్లు కూడా వాననీటి విషయంలో అపార్టుమెంటుతో సమానమే.

అదే పన్నెండు కుటుంబాలూ ఊరి బయట విడివిడిగా ఇళ్లు కట్టుకుంటే ఏమవుతుందో కూడా లెక్క వేయండి. ఒక్కొక్కరికి 60 అంకణాలు, అంటే 240 గజాల ప్లాటు అనుకుందాం. పన్నెండుకు 2,880 గజాలు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, రోడ్లకు మరో 30 శాతం దాకా పోతుంది. అన్నీ కలిపితే 4,800 గజాలు, అంటే దాదాపు ఒక ఎకరా. మీ వీధిలో 480 గజాల్లో ఇమిడే కుటుంబాలకు అక్కడ ఒక ఎకరా వరి పొలం పోతుంది. దానితోపాటు రోడ్డు, పైపు, కరెంటు స్తంభం, బస్సు అన్నీ కొత్తగా అక్కడికి వెళ్లాలి.

తిరుపతికి మరో ఇబ్బంది ఉంది. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడ్డాయి, అది రిజర్వు అడవి, జాతీయ ఉద్యానవనం. అటువైపు ఊరు ఒక్క గజం కూడా పెరగలేదు, పెరగకూడదు. పెరిగేదంతా దక్షిణాన స్వర్ణముఖి వైపు, తూర్పున రేణిగుంట వైపు, పడమట చంద్రగిరి వైపు. అవన్నీ చెరువులూ వంకలూ ఉన్న పల్లపు నేలలు. 2011 జనగణనలో నగరపాలక సంస్థ పరిధిలో 2.87 లక్షల మంది ఉన్నారు. ఆ తరువాత ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) వచ్చాయి, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కేంద్రమయింది. రోజూ కొండకు వచ్చి పోయే అరవై డెబ్బై వేల మంది యాత్రికులు దీనికి అదనం. వీళ్లందరికీ అన్నం వండేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి గదా.

చెరువును ఊరుగా మార్చడం మనకు కొత్తేమీ కాదు. చెన్నైలోని టీ నగర్ 1920లలో మాంబళం చెరువు భూమి మీద వెలసింది. అప్పుడు మద్రాసు ప్రభుత్వానికి అధిపతిగా ఉన్నది మన శ్రీకాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా. ఆయన పేరు మీద పార్కు కూడా అక్కడే ఉంది. వందేళ్లయినా పెద్ద వాన కురిసినప్పుడల్లా నీళ్లు ఆ పాత చెరువును వెతుక్కుంటూ అక్కడికే వస్తున్నాయి.

నిబంధనల సంగతి ఒక్క మాట. మన రాష్ట్రంలో 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి కట్టడం ఎత్తునూ చుట్టూ వదలవలసిన ఖాళీనీ నిర్ణయిస్తారు. చెన్నైలో ఉన్నట్టు ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి ఇక్కడ లేదు. కట్టడం ఆకారాన్ని నిబంధన పట్టించుకుంటుంది, లోపల ఎన్ని కుటుంబాలు చేరతాయన్నది వీధిలోని పైపులకు వదిలేస్తుంది. నా ఉద్యోగ జీవితమంతా నన్ను బాధించిన లోపం ఇదే. కాబట్టి మీరు సంతకం చేయండి, కానీ ఆ పత్రాన్ని మార్చి చేయండి. ఇల్లు వద్దని రాయకండి. ఏ ఏర్పాటు జరిగాక ఇల్లు రావాలో రాయండి.

రెండవ జవాబు: అపార్టుమెంటు పక్కింటి సభ్యుడు

పెద్దలు చెప్పిన లెక్కలను కాదనను. అయితే లెక్క కాగితం మీద ఉంటుంది, మేము దాని పక్కన కాపురం ఉంటున్నాము. మా పక్కన అయిదేళ్ల క్రితం ఇలాంటిదే ఒక కట్టడం లేచింది. ప్లానులో స్టిల్టు అంతా పార్కింగే. గృహప్రవేశాలయ్యాక అందులో ఒక మూల వాచ్‌మన్ గది వచ్చింది, మరో మూల గోడ కట్టి సామాన్ల గదిగా మార్చారు, మిగిలిన చోట నాలుగు కార్లకు మించి పట్టవు. తక్కిన కార్లన్నీ వీధిలోనే నిలుస్తాయి. కార్లు లోపలికి ఎక్కడానికి కాలువ మీద అడ్డంగా సిమెంటు ర్యాంపు పోశారు, దాని కింద పూడిక తీయడానికి పార దూరదు. ఇప్పుడు చిన్న వానకే కాలువ నీళ్లు మా గేటు దాటి లోపలికి వస్తున్నాయి. వేసవిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ మోగించే శబ్దంతో మా అమ్మగారు లేచి కూర్చుంటారు. ఆమెకు ఎనభై రెండేళ్లు.

మా సందులోకి ఫైరింజను రాగలదా అని నేను అడిగినప్పుడు ఎవరూ జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ల తరువాత ఆ కట్టడం పాతబడితే ఏం చేస్తారన్నదానికీ జవాబు లేదు. సొంత ఇల్లయితే యజమాని పడగొట్టి కట్టుకుంటాడు. పన్నెండు మందికి విడదీయని వాటా ఉన్న స్థలంలో ఒక్కరు ఒప్పుకోకపోయినా గోడకు సున్నం వేయడం కూడా కుదరదు.

మాస్టారుగారూ, షరతులు పెట్టి సంతకం చేయమని పైన సలహా ఇచ్చారు. షరతులు రాయడం తేలికే. పని పూర్తయ్యాక వాటిని అమలు చేయించేదెవరు? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికేదాకా మీ వీధివాళ్లు వద్దనడంలో తప్పేమీ కనిపించడం లేదు.

మూడవ జవాబు: మంగళం వైపు అద్దెకుంటున్న సభ్యురాలు

సార్, మీ వీధివాళ్లు రాసిన ఊరూ పేరూ తెలియని కొత్తవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే రాస్తున్నాను.

నేను ఊళ్లో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను, మా ఆయన గాంధీరోడ్డులో ఒక బట్టల కొట్లో పనిచేస్తారు. మూడేళ్ల క్రితం వరకు బైరాగిపట్టెడలో రెండు గదుల పోర్షనులో ఉండేవాళ్లం. నడిచి పనికి వెళ్లేదాన్ని. పాప బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి చేరేదాన్ని. ఒకరోజు ఇంటి యజమాని పిలిచి, ఆ మిద్దెలోని మూడు పోర్షన్లనూ యాత్రికులకు రోజువారీ గదులుగా మారుస్తున్నాను, నెల రోజుల్లో ఖాళీ చేయండి అన్నారు. ఆయన్ను నేను తప్పు పట్టలేను. నెలంతా మా దగ్గర వచ్చే అద్దె ఆయనకు పది రోజుల్లో వస్తుంది. ఆ వీధిలోనే ఇంకో ఇల్లు వెతికితే ఉన్నవన్నీ ఒకటి రెండు అంతస్తుల సొంత ఇళ్లు, అద్దెకు ఇచ్చేవి లేవు. చివరికి మంగళం దాటి ఇల్లు దొరికింది. అద్దె పదిహేను వందలు తగ్గింది, మా ఇద్దరి ఆటో ఖర్చు రెండు వేలు పెరిగింది. పాప ఇప్పుడు బడి నుంచి వచ్చి పక్కింటి అవ్వ దగ్గర ఉంటోంది.

మా బంధువులకు ఏర్పేడు మండలం వికృతమాలలో ప్రభుత్వం కట్టించిన ఇల్లు వచ్చింది. చూసి వచ్చాను. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు, నాలుగేసి అంతస్తులు, గట్టి గోడలు. అలాంటి ఇల్లు ఊళ్లో, బస్సు దిగి నడిచేంత దూరంలో ఉంటే నేను చిన్నదని అనుకోను. 365 అడుగుల్లో మేం ముగ్గురం హాయిగా ఉంటాం. మాకు కావలసింది పెద్ద ఇల్లు కాదు సార్, రోజులో పోతున్న ఆ రెండు గంటలు మాకు తిరిగి కావాలి.

అయితే మీ ఎదురింట్లో పన్నెండు ఫ్లాట్లు వచ్చినంత మాత్రాన మాలాంటివాళ్లకు దొరుకుతాయన్న నమ్మకం నాకు లేదు. అవి కూడా రేపు యాత్రికుల గదులైతే మీ వీధికి రద్దీ మాత్రమే మిగులుతుంది, ఊరికి ఒక్క ఇల్లు కూడా పెరగదు. ఫ్లాట్ల యజమానుల సంఘం పెట్టుకునే నియమాల్లోనే రోజువారీ అద్దె కుదరదని మొదటి రోజే రాయించాలని మీ పత్రంలో చేర్చండి. కొత్తవాళ్లు వస్తారన్న వాక్యాన్ని మాత్రం దయచేసి తీసేయండి. అది చదివితే మనసుకు కష్టంగా ఉంది.

నాలుగవ జవాబు: స్వర్ణముఖి ఒడ్డు పల్లె నుంచి, రైతు కుటుంబ సభ్యుడు

ఊళ్లోవాళ్లు ఎత్తు వద్దంటే ఆ బరువు మా మడి మీద పడుతుందన్న సంగతి ఎవరో ఒకరు చెప్పాలి గనుక రాస్తున్నాను.

తిరుపతి వీధుల పేర్లు ఒకసారి గట్టిగా చదువుకోండి. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, కొరమీనుగుంట, తుమ్మలగుంట. పేరులోనే గుంట ఉంది. కొరమీను పట్టుకున్న చోట ఈరోజు కార్లు నిలబడి ఉన్నాయి. కొండ మీద నుంచి దిగిన నీళ్లు ఒక గుంట నిండాక రెండో గుంటకు, అక్కడి నుంచి చెరువుకు, చెరువు మొరవ పోతే, అంటే నిండి పొర్లితే, వంకలో పడి స్వర్ణముఖికి చేరేవి. ఆ వరుసలో ఒక్కటి పూడ్చినా తరువాతి దాని మీద బరువు పడుతుంది. ఇప్పుడు పూడ్చనిది ఏది మిగిలిందో వెతకాలి.

మా చెరువు కింద మా తాతగారికి మూడెకరాలుండేది. వరి, చెరకు వేసేవాళ్లం. పన్నెండేళ్ల క్రితం మా పొలం పక్కన లేఅవుట్ వేశారు. ఎర్రమట్టి తోలి మా గట్టు కంటే మూడడుగులు ఎత్తు లేపారు. వంక పోరంబోకు రికార్డుల్లో ఎంత వెడల్పుందో నాకు తెలియదు గానీ, నేను చిన్నప్పుడు ఎద్దులను కడిగిన వంక ఇప్పుడు రెండు సిమెంటు గొట్టాల్లో దూరి పోతోంది. 2021 నవంబరులో ఆ గొట్టాలు ఎంతకని మింగుతాయి? నీళ్లు వెనక్కి తన్ని మా మడిలో కోతకొచ్చిన వరి అయిదు రోజులు మునిగింది. అదే వారం రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు.

ఇంతా చేసి ఆ లేఅవుట్‌లో ఈరోజుకు ఉన్నవి నాలుగు ఇళ్లు. తక్కిన ప్లాట్లలో పసుపు రంగు రాళ్లు, కంపచెట్లు, మేకలు. కొన్నవాళ్లెవరూ అక్కడ ఉండడానికి కొనలేదు, బిడ్డ పెళ్లికి పనికొస్తుందని కొన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. బ్యాంకులో వేసుకోవలసిన డబ్బును మా మడిలో పాతిపెట్టారని మాత్రం అనుకుంటాను.

మాస్టారుగారూ, ఎదురింట్లో పన్నెండు కాపురాలు వస్తే వీధి ఇరుకవుతుంది, నిజమే. వాటికి పైపు వేయించమని, కాలువ తీయించమని అడగండి, మేమూ మీతో వచ్చి అడుగుతాం. ఊళ్లో ఇల్లు వద్దన్న ప్రతి వీధీ మా పల్లెలో ఒక ఎకరాను అడుగుతున్నట్టే.

అయిదవ జవాబు: చిత్తూరు నుంచి

మా ఊళ్లో కూడా ఇదే వాదన నడుస్తోంది గనుక ఒక చిన్న సూచన. అంతస్తుల సంగతి మాట్లాడే ముందు మీ కాలనీలో ఖాళీ ప్లాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మా కాలనీలో మేము నలుగురం ఒక ఆదివారం తిరిగి లెక్కపెడితే ప్రతి ఎనిమిది ఇళ్లకు ఒక ఖాళీ స్థలం తేలింది. రోడ్డు, కుళాయి, కరెంటు, మురుగు కాలువ అన్నీ దాని ముందు నుంచే పోతున్నాయి, ఉండే మనిషి మాత్రం లేడు. ఖాళీ స్థలాలకు పన్ను ఉంది. అది సక్రమంగా వసూలైతే ఆ డబ్బుతోనే పాత పైపులు మార్చుకోవచ్చునని నా అభిప్రాయం. నీవా నది ఒడ్డున పేదలు గుడిసెలు వేసుకుంటే ఆక్రమణ అంటాము, ఊరి నడుమ ఇరవై ఏళ్లు కంప పెంచుకున్న స్థలాన్ని ఏమీ అనము. ఇది సరికాదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. మీరందరూ రాసినవి చదివాక, కాగితం పక్కన పెట్టి, నేనూ మా మనవడూ టేపు పట్టుకుని వీధి కొలిచాము.

లేఅవుట్ ప్లానులో మా రోడ్డు ముప్పై అడుగులు. ఇవాళ బండి పోవడానికి మిగిలింది ఒకచోట ఇరవై రెండు, మరోచోట పంతొమ్మిదిన్నర. మెట్లు, ర్యాంపులు, మోటారు సైకిళ్లకు వేసిన రేకుల షెడ్లు, పూలకుండీలు తక్కినదాన్ని తినేశాయి. మా ఇంటి ముందు మందారం, నందివర్ధనం చెట్లకు నేను వేయించిన ఇనుప కంచె రోడ్డు మీదికి మూడడుగులు వచ్చింది. మనవడు టేపు చివర పట్టుకుని, తాతా ఇది మనదేనా అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా అది నాదేననుకున్నాను. పోయిన గురువారం మనిషిని పిలిపించి కంచె తీయించాను. మందారం చెట్టును లోపలికి మార్చాము, బతుకుతుందో లేదో చూడాలి. కాలువ మీద పరిచిన కడప రాళ్లను ఎత్తి చూస్తే రెండడుగుల లోతు కాలువలో అడుగున్నర మేర మట్టి. 2021లో మా ఇంట్లోకి వచ్చిన నీళ్లలో మా వీధివాళ్లందరి వాటా ఎంతో ఆ మట్టిని చూశాక అర్థమైంది.

పత్రాన్ని తిరగరాశాను. కట్టడం వద్దన్న వాక్యమూ, కొత్తవాళ్ల వాక్యమూ తీసేశాను. పన్నెండు ఇళ్లకు సరిపడే మురుగు పైపు మెయిన్ దాకా వేసిన తరువాతనే కనెక్షన్లు ఇవ్వాలని, స్టిల్టులో గోడలు లేవకూడదని, ర్యాంపు స్థలం లోపలే మొదలు కావాలి గానీ కాలువ మీద కాదని, ఇంకుడు గుంతను కాగితం మీద చూపితే చాలదు, తవ్వి చూపాలని, చుట్టూ వదిలిన ఖాళీలో సిమెంటు పరచకుండా మట్టి మిగల్చాలని రాశాను. మంగళం నుంచి రాసిన అమ్మాయి చెప్పినట్టు రోజువారీ అద్దె మాట కూడా చేర్చాను. దాంతోపాటు వీధివాళ్లమైన మేము కూడా మా మెట్లూ షెడ్లూ వెనక్కి తీసుకుంటామని చివర ఒక పేరా పెట్టాను. ఈ పేరా వల్లనే ఇరవై రెండు ఇళ్లలో పదమూడు మాత్రమే సంతకం చేశాయి. మిగిలిన తొమ్మిది ఇళ్లలో ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. అది బాధగానే ఉంది.

పక్కింటి సభ్యుడు అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అమలు చేయించేదెవరు? మంజూరైన ప్లాను మాకు చూపించేదెవరు?

మొదటి జవాబు రాసిన సభ్యుడు

మాస్టారూ, మంజూరైన ప్లాను నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో నగరపాలక సంస్థకు దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోగా పని జరిగే చోట అనుమతి వివరాల బోర్డు పెట్టమని బిల్డరును అడగండి, పెట్టవలసిన బాధ్యత ఆయనది.

అమలు గురించి. ఇలాంటి కట్టడాలకు అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతాన్ని నగరపాలక సంస్థ పేర తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టినట్టు తేలి, కట్టడంలో నివసించవచ్చునని తెలిపే ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చాకనే దాన్ని విడిపిస్తారు. మీ పన్నెండు ఫ్లాట్లలో ఒకటి దాదాపుగా అందులోనే ఉంటుంది. బిల్డరు అది అమ్ముకోవాలంటే ఆ ధ్రువపత్రం కావాలి. కాబట్టి మీ పత్రాన్ని పునాది తీసేనాడు ఒకసారి, ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేనాడు మరొకసారి ఇవ్వండి. రెండోసారి ఫొటోలు జతచేయండి. స్టిల్టు ఖాళీగా ఉన్న ఫొటో, ఇంకుడు గుంత ఫొటో, కాలువ మీద ర్యాంపు లేదని చూపే ఫొటో ఉండాలి. తేదీ కనిపించాలి. ఇల్లు అమ్ముడుపోయి తాళాలు చేతులు మారాక రాసిన పత్రం ఫైలులో పడుకుంటుంది. ఈ పనిలో ఉండగా అలాంటివి నేను చాలా చూశాను.

ఇంకొకటి. రెవెన్యూ వాళ్ల దగ్గర మీ ప్రాంతపు ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల వారీ భూమి కొలతల) పటం తీసుకోండి. మీ కాలనీ వేయకముందు ఆ నేలలో వంక ఎటు నుంచి ఎటు పోయేదో అందులో గీత ఉంటుంది. మీ వీధి కాలువ చివర ఆ గీత మీద ఇప్పుడు ఏముందో వెళ్లి చూసి ఇక్కడ రాయండి. మీ హాలు గోడ మీది గీతకు సగం కారణం అక్కడ ఉండవచ్చు. పటం దొరికితే ఫొటో పెట్టండి, కొలతలు చదవడంలో నేను సాయం చేస్తాను.